గంజి పెట్టిన జర్మనీ రూపాయలు

బ్యాంకులో ముప్పై ఏళ్ళకు పైగా నోట్లు పట్టుకున్న చేతులివి. రిటైరై ఇంట్లో కూర్చున్నా, పాలవాడు చిల్లర ఇస్తే వెలుతురుకెత్తి చూడందే జేబులో పెట్టుకోను. మా ఆవిడ నవ్వుతుంది, నవ్వనీ. ఈమధ్య బ్యాంకులో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ఇంటికొచ్చి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అని అడిగారు. దొంగనోట్ల ముఠాను పట్టుకున్న కథ చెబుతానని వాళ్ళ ఆశ. నాకు గుర్తొచ్చింది మాత్రం ఒక సింహం నోటు, ఒక ఇస్త్రీ ఇల్లు. అదే మీకూ చెబుతున్నాను. ఓపికుంటే వినండి, లేకపోతే మీ ఫోన్లు మీకు ఉండనే ఉన్నాయి.

ముందు నా పిచ్చి సంగతి చెప్పాలి. గుంటూరులో విదేశీ మారకం సీట్లో కూర్చున్న రోజుల్లో, పొగాకు కొనడానికి వచ్చిన ఒక జర్మన్ పెద్దమనిషికి కాగితాల పని త్వరగా చేసిపెట్టాను. వెళ్తూ వెళ్తూ ఆయన పర్సులోంచి మడత తీసి ఒక పాత నోటు నా చేతిలో పెట్టాడు. వాళ్ళ చక్రవర్తి కాలం నాటి వంద మార్కుల నోటు. నీలం రంగు. డాలు పట్టుకుని కూర్చున్న దేవతలాంటి ఒక స్త్రీ, ఆమె వెనక సముద్రంలో ఓడలు. అరచేయి దాటి పోయేంత పెద్దది. అందరూ దాన్ని చూసి ఆహా అని ఊరుకునేవాళ్ళు. నేను ఊరుకోలేకపోయాను.

ఆ రోజు పట్టుకున్న జ్వరం ఇంకా దిగలేదు. జర్మనీ చక్రవర్తి కాలం నోట్లు ఎక్కడున్నాయంటే అక్కడికి పోవడం, పోస్టులో తెప్పించుకోవడం, విజయవాడలో హైదరాబాదులో ప్రదర్శనలు పెడితే సెలవు పెట్టి పరిగెత్తడం. గోధుమరంగు వెయ్యి మార్కులు, చిన్నపాటి అయిదులు, పదులు అన్నీ ఆల్బంలో చేరాయి. ఎర్రముద్ర ఉన్న వెయ్యి మార్కుల నోట్లు మళ్ళీ ఏదో ఒకనాటికి చెల్లుతాయని, యుద్ధంలో ఓడిపోయాక కూడా అక్కడి ముసలివాళ్ళు ఏళ్ళ తరబడి దాచుకున్నారట. ఆ నోటు చూసినప్పుడల్లా ఏ ముసలమ్మ పరుపు కింద పడుకుని వచ్చిందోనని నాకు మనసు కలుక్కుమనేది. మా ఆవిడకు మాత్రం ఏమీ అనిపించేది కాదు. "బతికున్న డబ్బు దాచుకోండి మహానుభావా అంటే, చచ్చిన డబ్బు కొనుక్కొస్తారు" అనేది. అందులో అబద్ధం లేదు.

ఆల్బంలో ఒక్క పేజీ మాత్రం ఖాళీగా ఉండిపోయింది. ఆ కాలంలో జర్మన్లకు ఆఫ్రికా తూర్పు తీరాన ఒక పెద్ద రాజ్యం ఉండేది. మన దేశపు వర్తకులు ముందునుంచీ అక్కడ పాతుకుపోయి ఉండటంతో జనం చేతుల్లో ఆడేది రూపాయే. జర్మన్లు కూడా ఏం చేస్తారు, అక్కడి కోసం తమ నోట్లను రూపాయల్లోనే అచ్చువేయించారు. అయిదు రూపాయల నోటు మీద సింహం బొమ్మ. అవి దొరకడం కష్టం, దొరికినా నా జీతానికి అందవు. పుస్తకంలో బొమ్మ చూసుకుని తృప్తిపడేవాణ్ణి.

నా చివరి పోస్టింగు చీరాల. క్యాష్ ఆఫీసరుగా వెళ్ళాను. ఇక హాయిగా కాలం గడిచిపోతుందనుకుంటుండగా పెద్దనోట్ల రద్దు వచ్చి నెత్తిన పడింది. ఆ రోజులు చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. గేటు తీయకముందే వరస రోడ్డెక్కేది. నేతపనివాళ్ళు, ఆటోవాళ్ళు, వేటపాలెం జీడిపప్పు షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళు, అందరూ చేతిలో పాత నోట్లు, మొహంలో దిగులు. మా హెడ్ క్యాషియరు ఒంగోలు ఆవిడ. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. "తోసుకోబాకండయ్యా, అందరికీ ఇస్తా, నేనేం మా పుట్టింటికి పట్టకపోతానా?" అని అరుస్తూనే ముసలివాళ్ళకు లోపల కుర్చీ వేయించేది.

అలాంటి ఒక ఉదయం ఆవిడ కౌంటరు దగ్గర ఉన్నట్టుండి నవ్వులు లేచాయి.

"సార్, ఇటు రండి!" అని నన్ను పిలిచింది. "ఈయన సింహాన్ని తెచ్చాడు. అయిదొందలు, వెయ్యి తీసుకోమన్నారు గానీ సింహాల్ని తీసుకోమని చెప్పలేదు గదా!"

కౌంటరు ముందు ఒక ముసలి సాయిబుగారు నిలబడి ఉన్నాడు. బక్కపలచటి మనిషి, తెల్ల చొక్కా ఇస్త్రీ మడత చెడలేదు. మా బ్యాంకులో ఆడవాళ్ళ నూలు చీరలన్నీ గంజి పెట్టి ఇస్త్రీ చేసి ఇచ్చే ఇల్లు ఆయనదే. భార్యాభర్తలిద్దరే ఆ పని చేసుకుంటారు. ఆయన చేతిలో ఒక గుప్పెడు కాగితాలు. పైదాని మీద సింహం.

నేను పుస్తకంలో చూసుకునే సింహమే అది. నిజంగానే చెబుతున్నాను.

వరసలో వెనక నుంచి ఒక పెద్దాయన గట్టిగా అన్నాడు. ఆయన ఆ సాయిబుగారి వీధిలోనే ఉండే నేతపెద్ద, ఎనభై దాటిన మనిషి, భుజాన మల్లెపువ్వులాంటి కండువా. "ఆళ్ళని ఈదిలో పిలిచేదే చిత్తుకాయితాలోళ్ళని, అమ్మా! వందేళ్ళ కాణ్ణుంచీ అయి పట్టుకుని తిరగతన్నారు. ఇయ్యాళ నీ దగ్గరకొచ్చారు."

మళ్ళీ నవ్వులు. సాయిబుగారు వెనక్కి తిరిగాడు. ఆయన గొంతులో కోపం లేదు.

"నవ్వండి బాబాయ్. మొన్నటిదాకా డబ్బు, తెల్లారేసరికి కాయితం. మీ చేతిలో అయ్యేగా ఉన్నాయి? ఇప్పుడన్నా తెలిసిందా మా తాతకేం జరిగిందో?"

పెద్దాయన తన చేతిలోని అయిదువందల కట్ట వైపు చూసుకుని తల దించుకున్నాడు. మా హెడ్ క్యాషియరు నాలుక కరుచుకుని, "లోపలికి వచ్చి కూర్చోండి సాయిబుగారూ, ఎండలో నిలబడి వచ్చారు" అంది.

నా టేబులు ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. "ఇవి మార్చడానికి తెచ్చారా?" అని అడిగాను.

"మార్చరని నాకు తెలీదా సార్! నాకు డబ్బులొద్దు. ఇయ్యి డబ్బేనని బ్యాంకు మనిషి ఒక్క మాట చెప్తే చాలు. అందరూ ఇక్కడే ఉన్నారు గదా, అందరి ముందరా చెప్తారని వచ్చా."

ఆయన చెప్పింది ఇది. "మా తాతది రుమాళ్ళ యాపారం. మా ఈదిలో నేసిన రుమాళ్ళన్నీ మూటలు గట్టి ఓడెక్కి ఆఫ్రికా పొయ్యేవాడంట. అమ్ముకొచ్చి ఎవురి కూలి ఆళ్ళకి ఇచ్చేవాడు. ఒక ఏడు ధర బాగుందని జర్మనీవోళ్ళ ఊళ్ళో అమ్మాడు. అమ్మిన్నాడు ఇయ్యి నిక్షేపంలాంటి నోట్లు. ఇంతలో యుద్ధమొచ్చె. ఓడల్లేవు. ఏళ్ళకేళ్ళు ఆడే ఇరుక్కుపోయాడు. యుద్ధమయ్యేసరికి జర్మనీవోళ్ళు పోయారు, ఇంగిలీసోళ్ళు వచ్చారు, ఈ నోట్లు ఎవురూ ముట్టుకోలా."

"అక్కడే పారేయాల్సింది గదండీ?"

"పారేస్తే ఈదికొచ్చి ఏం చూపిస్తాడు సార్? తెచ్చి ఇంటింటికీ పోయి ఇచ్చాడంట. సరుకంతా తగలేసొచ్చి చిత్తుకాయితాలు చూపిస్తావా అని మొహానే కొట్టారు. పొయ్యేదాకా మా తాతది ఒకటే మాట. నేను దొంగని కాదురా, ఇయ్యి రూపాయలేరా అని. మా నాన్నా అదే చెప్పి పోయాడు. నాకా డెబ్భై దగ్గర పడతన్నాయి, పిల్లల్లేరు. నేను పోతే ఆ మాట చెప్పేవోళ్ళే ఉండరు."

ఆయన చెబుతున్నంతసేపూ నా కళ్ళు సగం ఆయన మీద, సగం సింహం మీద. ఒక్క నోటు నాకిస్తారా అని నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గేసి మింగేశాను.

నాకు చేతనైనంతలో ఆయన ఎదుటే హాల్లోకొచ్చి చెప్పాను. ఇవి ఒకప్పటి జర్మనీ వాళ్ళ ఆఫ్రికా రూపాయల్లా ఉన్నాయి, అసలువేననిపిస్తోంది అని. నేతపెద్ద చెవి ఒగ్గి విన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయాడు.

"అయ్యా, మీరు మంచోరు. మంచోరు జాలిపడి చెప్పేమాట సాక్ష్యానికి పనికిరాదు. పైగా మీక్కూడా ఆ పాత కాయితాల పిచ్చుందంటగా! బయటి మడిసి, మొహమాటం లేనోడు చెప్పాలి. అట్టా చెప్పిన్నాడు నేనే ముందొచ్చి ఒప్పుకుంటా."

నాకు ఒళ్ళు మండింది గానీ ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. నేనూ ఆ నోట్లను బొమ్మల్లో తప్ప చూసినవాణ్ణి కాదు.

రద్దు గోల సర్దుకున్నాక, మిరపకాయ సీజన్లో, గుంటూరులో ఒక కల్యాణమండపంలో పాతనోట్ల ప్రదర్శన పెట్టారు. మద్రాసు నుంచి నోట్ల నిపుణుడు ఒకాయన వస్తున్నాడని తెలిసింది. మొహమాటం అంటే ఏమిటో తెలియని మనిషని పేరు. ఇంతకన్నా ఏం కావాలి? సాయిబుగారికి కబురు చేశాను. "పెద్దపెద్దవాళ్ళు చూస్తారు, నోట్లు జాగ్రత్తగా తీసుకురండి" అన్నాను. జాగ్రత్త అంటే ఎవరి లెక్క వాళ్ళది కదా!

ఆదివారం పొద్దున రైల్లో బయల్దేరాం. నేను, సాయిబుగారు, ఆయన భార్య, నేతపెద్ద. ఆమె ఒళ్ళోంచి బట్టసంచీ దించలేదు. గుంటూరు స్టేషన్లో దిగేసరికే గాలిలో మిరపఘాటు. మండపంలో ఆ మద్రాసు నిపుణుడు అప్పటికే తుమ్మి తుమ్మి ముక్కు ఎర్రబడి ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. తెలుగు వచ్చు.

సాయిబుగారి భార్య సంచీలోంచి తెల్ల గుడ్డ తీసి విప్పింది. నోట్లు చూసి నేను కొయ్యబారిపోయాను. బ్యాంకులో చూసినప్పుడు తమలపాకులా మెత్తగా, మడతలు పడి, మాసి ఉన్నాయి. ఇప్పుడు ఒక్క మడత లేదు. నిటారుగా, పెళపెళలాడుతున్నాయి. సింహం జూలు దువ్వించుకుని వచ్చినట్టుంది.

నిపుణుడు ఒక నోటు తీసుకుని వేలితో మీటాడు. మొహం చిట్లించాడు. "వందేళ్ళు చేతులు మారిన నోటు ఇలా ఉండదండీ" అన్నాడు. భూతద్దం పక్కన పెట్టి జేబులోంచి ఒక పెన్ను తీశాడు. "విదేశాల్లో దుకాణాలవాళ్ళు దొంగనోటు పట్టడానికి వాడతారు. అసలు నోటు మీద గీస్తే గీత లేత పసుపుగా ఉంటుంది. మామూలు కాగితమైతే నల్లబడుతుంది. అంచు మీద చిన్నగా గీస్తాను, మీకు ఇష్టమేనా?"

"చూడండి బాబూ, దాచేదేముంది!" అన్నాడు సాయిబుగారు.

గీశాడు. గీత నల్లగా తేలింది. ఇంకో నోటు మీద గీశాడు. అదీ నలుపే.

"ఎవరో ఈమధ్య అచ్చువేసినవి. సారీ అండీ."

చుట్టూ చేరినవాళ్ళు మెల్లగా జారుకున్నారు. నేతపెద్ద ఎగతాళి చేస్తాడేమోనని భయపడ్డాను. చెయ్యలేదు. సాయిబుగారి మోచెయ్యి పట్టుకుని, "పదరా అబ్బాయ్, పోదాం. కడుపున పుట్టినోళ్ళం, పెద్దోళ్ళు చెప్పింది నమ్ముతాం. నీ తప్పేముంది" అన్నాడు. ఆ జాలి మాట ఎగతాళి కన్నా ఘోరంగా తగిలింది. సాయిబుగారు నోట్లన్నీ గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. "మా తాత..." అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నేనే గదా ఈయన్ని ఇంతదూరం లాక్కొచ్చింది!

ఆయన వెనకాల ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "గంజి పల్చగానే పెట్టానే... రెండుసార్లు వడగట్టా గూడానూ..."

"ఏం పెట్టారమ్మా?"

"గంజి సారూ. పెద్దోళ్ళు చూస్తారన్నారుగా. నలిగిన గుడ్డ మా ఇంట్లోంచి ఏనాడన్నా బయటికి పోయిద్దా? దూది ముంచి అద్ది, నీడన ఆరబెట్టి, పైన పల్చటి గుడ్డేసి గోరెచ్చగా ఇస్త్రీ చేశా."

పాతనోట్లు సేకరించేవాళ్ళు ఎవరైనా ఈ మాట వింటే మూర్ఛపోతారు. నాకు మాత్రం హైస్కూలు సైన్సు మాస్టారు గుర్తొచ్చాడు. అన్నం మెతుకు మీద అయోడిన్ చుక్క వేసి, నల్లబడిందా, అదేరా పిండి పదార్థం అనేవాడు. మీరూ చేసే ఉంటారు ఆ ప్రయోగం.

"ఏమండీ, ఆ పెన్నులో ఉన్నది అయోడిన్ మందేనా?" అని నిపుణుణ్ణి అడిగాను.

"అవును. మామూలు కాగితంలో పిండి కలుస్తుంది కాబట్టి..." అని, మధ్యలో ఆగిపోయాడు. ఆయనకూ తట్టింది.

నేను పెన్ను లాక్కుని, పక్కనే ఉన్న నేతపెద్ద కండువా అంచు మీద బర్రున ఒక గీత గీశాను. కాటుకలాంటి నలుపు.

"ఓరి నీ... నా కండువా!" అని పెద్దాయన ఎగిరి గంతేశాడు. "అయితే నా కండువా గూడా దొంగదేనంటయ్యా?"

"దొంగది కాదు పెద్దాయనా, దానికి గంజి పెట్టింది కూడా ఈ అమ్మే గదా!"

మండపమంతా గొల్లుమంది. జారుకున్నవాళ్ళు మళ్ళీ మూగారు.

"గంజి పెట్టనిది ఏదైనా ఉందామ్మా?" అని నిపుణుడు అడిగాడు.

"ఒకటుంది బాబూ. మధ్యకి చిరిగింది, తడిస్తే ఇడిపోద్దని ముట్టుకోలా." సంచీ అడుగున పాత పర్సులోంచి తీసి ఇచ్చింది.

ఆయన ఆ చిరిగిన నోటు మూల మీద గీశాడు. అందరం మీదికి వంగాం. గీత లేత పసుపుగా, కనపడీ కనపడనట్టు నిలిచింది. ఎంతసేపు చూసినా అంతే.

అప్పుడు పెన్ను పక్కన పడేసి, భూతద్దం తీసుకుని, తన పుస్తకంలోని బొమ్మలతో పోలుస్తూ ఒక్కో నోటూ చూశాడు. తుమ్ములు కూడా మరిచిపోయాడు. చివరికి లేచి నిలబడి సాయిబుగారికి దణ్ణం పెట్టాడు. "నేను తొందరపడ్డానండీ. ఇవి అసలువి. అన్నీ అసలువే. మీ తాతగారు వీటిని పుచ్చుకున్న రోజున ఇవి చెల్లే రూపాయలు." అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టాడు.

తర్వాత నన్ను పక్కకు పిలిచి, గంజి తగలకపోయుంటే ఈ నోట్లకు ఎంత వచ్చేదో, ఇప్పుడు ఎంతకి పడిపోయిందో చెప్పాడు. ఆ అంకె నేనెవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. ఆ తల్లికి మాత్రం నా మొహం చూస్తేనే అర్థమైంది.

"నా చేతుల్తో నేనే పాడుచేశానా సారూ?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏడుస్తావేందే పిచ్చిదానా!" అన్నాడు సాయిబుగారు. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి. "మా తాతని ఇస్త్రీ చొక్కా తొడిగి తీసకొచ్చావు. ఇన్నాళ్ళకి తలెత్తుకుని నిలబడ్డాడు. ఇంకేం గావాలి మనకి?"

తిరుగు రైల్లో నేతపెద్ద కిటికీ పక్కన కూర్చుని కండువా మీది మచ్చను వేలితో తడుముకుంటూ ఉండిపోయాడు. తెనాలి దాటాక నోరు విప్పాడు. "మా నాయన చెప్పేవాడు రా అబ్బాయ్. మీ తాత ఆ నోట్లు మా అరుగు మీద పెడితే, మా తాత కాల్తో తన్నాడంట. మీ తాత వొంగి ఒక్కోటీ ఏరుకున్నాడంట." చీరాలలో దిగేటప్పుడు, "వచ్చే ఆదివారం మా ఇంటికి రా" అన్నాడు.

ఆ ఆదివారం నన్నూ రమ్మన్నారు. ముందు సాయిబుగారి ఇంటికి వెళ్ళాను. బొగ్గుల ఇస్త్రీపెట్టె ఒక మూల, దండెం మీద ఎవరివో చీరలు. టీ తాగాక ఆయన నల్లగీత పడ్డ నోటు ఒకటి తీసి నా ముందు పెట్టాడు. "మిగతాయి మా తాత ఇయ్యబోయిన ఇళ్ళకే ఇస్తన్నా. మచ్చపడ్డది ఈదిలోవాళ్ళకి ఇవ్వకూడదు సార్. మీరేమనుకోకపోతే మీరుంచండి." ఏమనుకుంటాను! నా ఆల్బంలో ఖాళీ పేజీ నిండింది. చూసినవాళ్ళంతా, గంజి పెట్టి ఇస్త్రీ చేసి సిరా పూసిన నోటు దాచుకున్నావేమిటయ్యా అని నవ్వుతారు. దానికేం, నవ్వేవాళ్ళకు టీ ఇచ్చి ఈ కథ చెబుతాను.

తర్వాత నేనూ ఆ భార్యాభర్తలూ ముగ్గురం వీధిలోకి నడిచాం. ఆనాటి నేతవాళ్ళ కుటుంబాల్లో కొన్నే అక్కడ మిగిలాయి. మొదటి ఇల్లు నేతపెద్దదే. లోపల మగ్గం చప్పుడు వినపడుతోంది. సాయిబుగారు చెప్పులు వీధిలో విడిచి, సింహం నోటు రెండు చేతులతో పట్టుకుని అరుగు కింద నిలబడ్డాడు. నోటును అరుగు మీద పెట్టబోయాడు.

"అక్కడ పెట్టబాకు!" అని కేకేస్తూ పెద్దాయన బయటికొచ్చాడు. భుజాన అదే కండువా. మచ్చ ఉతికించలేదు. తొట్టి దగ్గరకు పోయి చేతులు కడుక్కుని, తుడుచుకుని, అరుగు దిగి వచ్చి నోటును రెండు చేతులా అందుకున్నాడు. కళ్ళకద్దుకున్నాడు. తర్వాత లోపలికి తిరిగి వీధంతా వినపడేలా అరిచాడు.

"ఒరేయ్, మగ్గం ఆపి అందరూ ఇట్టా రండ్రా! మన తాత కూలి వచ్చింది!"